ఎడమ కాలి సిద్ధాంతం

ప్రొఫెసర్ ఏడ్రియన్ లైల్ గారికి ప్రోబ్ పట్టుకోవడం రాదు. ఈ సంగతి టౌన్స్‌విల్ ఊరు మొత్తమ్మీద ఒక్క నోయెలీన్ ప్రాసర్‌కే తెలుసు. తెలిసి పదకొండేళ్ళయింది. ఆ పదకొండేళ్ళూ ఆవిడ ఆ రహస్యాన్ని పిప్పరమెంటు బిళ్ళలా బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూనే ఉంది.

నోయెలీన్ స్కానింగ్ మిషను ముందు కూర్చోవడం మొదలుపెట్టి ముప్ఫై రెండేళ్ళు. కడుపులో పిల్లల్నీ, పిత్తాశయంలో రాళ్ళనీ చూసీ చూసీ విసుగెత్తి, రగ్బీ మైదానం పక్కనున్న ఈ క్రీడా పరిశోధన కేంద్రంలో చేరింది. ఇక్కడ రోజూ చూసేది ఒకటే. పిక్క కండని మడమ ఎముకకి కట్టి ఉంచే తాడు. టెండన్ అంటారు. పరుగెత్తేవాడికి కండ ఒక్కటే చాలదు. కండ లాగుతుంది, ఈ తాడు సాగి విసురుతుంది. అది పుటుక్కున తెగిందంటే ఆ ఏడాదికి ఆట లేదు, కొందరికి ఇక ఎప్పటికీ లేదు.

ఆ తాడులో పోగులన్నీ బారుగా పక్కపక్కనే పడుకుని ఉంటాయి. చర్మానికి ఆనించి చూసే ఆ ప్రోబ్‌ని సూటిగా నిలబెట్టి పట్టుకుంటే తెర మీద తెల్లగా, నూనె రాసి దువ్విన జడలా కనిపిస్తుంది. మణికట్టు కాస్త వాలిందా, అంతే. ప్రోబ్ లోపలికి పంపిన శబ్దం తిరిగి రాకుండా పక్కకి పోతుంది, నిక్షేపంలాంటి తాడు కూడా నల్లగా కుళ్ళినట్టు కనిపిస్తుంది. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థీ మొదటి వారం ఈ తప్పు చేస్తాడు. నోయెలీన్ వాడి చేతి మీద ఒక్కటిస్తుంది, రెండో వారానికి మానేస్తాడు. ప్రొఫెసర్ గారి చేతి మీద కొట్టేవాళ్ళు ఎవరున్నారు?

ఆ గదిలో మంచం గోడకి ఆనించి ఉంటుంది. ఆటగాళ్ళు బోర్లా పడుకుని పాదాలు మంచం చివర వేలాడేస్తారు. కుర్చీ వేసుకునే చోటు కుడి పక్కన మాత్రమే ఉంది. కుడి కాలు చేతికందుతుంది. ఎడమ కాలు దూరం. నోయెలీన్ అయితే లేచి నిలబడి, మోచెయ్యి తిప్పి, సూటిగా పట్టుకుంటుంది. ప్రొఫెసర్ గారు లేవరు. కుర్చీలోంచి లేస్తే మళ్ళీ దొరకదని భయం కాబోలు, కూర్చున్న చోటునుంచే వాలతారు. ఆయనతో బాటు ప్రోబూ వాలుతుంది, ఎడమ తాడు నల్లబడుతుంది.

అలా నల్లబడ్డ నలభై ఎడమ కాళ్ళ మీద ఆయన ఒక సిద్ధాంతం లేవదీశారు. మేటి ఆటగాళ్ళలో ఎడమ మడమ తాడు లోపల్లోపలే శిథిలమైపోతుందిట. దేశదేశాల సభల్లో చప్పట్లు కొట్టారు. తాడు ఎంత తెలుపో లెక్కగట్టి వందకి ఇన్నని మార్కులేసే 'లైల్ నంబరు' పుట్టింది. యాభైకి తగ్గితే ఆ తాడు రెండేళ్ళలో తెగి తీరుతుందిట. ఎక్కడో చలిదేశం వాళ్ళు రెండొందల మందిని పరీక్షించి, ఎడమా కుడీ ఒకేలా ఉన్నాయి మహాప్రభో అని రాస్తే, మీ దేశపు కాళ్ళు వేరంటూ పద్నాలుగు పేజీల జవాబిచ్చారు. నోయెలీన్ ఆ జవాబు టీ తాగుతూ చదివింది. నవ్వాపుకోలేక టీ ముక్కులోకి పోయింది.

మరి ఆ నంబరు ఎప్పుడూ తప్పు కాలేదా అంటే, ఎలా అవుతుంది? నంబరు తక్కువొచ్చినవాళ్ళని జట్టులోంచి తీసేస్తారు. తీసేశాక వాళ్ళు పరుగెత్తరు. పరుగెత్తకపోతే తాడు తెగదు. తెగలేదు కనక ప్రొఫెసర్ గారు కాపాడినట్టు లెక్క. అలా ఇప్పటికి ఇరవై ఆరుగుర్ని కాపాడారాయన.

నోయెలీన్ ఒకే ఒక్కసారి చెప్పబోయింది, మొదటి ఏడాదిలో. "ప్రొఫెసర్, చెయ్యి కాస్త నిలబెడితే..." అంది. ఆయన తెర మీంచి కళ్ళు కూడా తిప్పలేదు. "నోయెలీన్, నేను ఈ తాళ్ళని కోసి చదువుకున్నవాణ్ణి. నువ్వు జెల్లు సంగతి చూసుకో," అన్నారు.

సరే, జెల్లు సంగతే చూసుకుంటాను అనుకుంది నోయెలీన్. అప్పట్నుంచీ ప్రోబ్‌కి జెల్లు రాసింది, కాళ్ళ మీది జెల్లు తుడిచింది, రిపోర్టు కింద 'చిత్రాలు సరిచూసినవారు' అన్న చోట ఎన్. ప్రాసర్ అని సంతకం పెట్టింది. లోపల్లోపల నవ్వుకుంది. రోజువారీ స్కానింగులు ఆవిడే చేసేది, అవన్నీ తెల్లగానే వచ్చేవి. పెద్దమనుషులెవరైనా వస్తేనో, ఆటగాళ్ళకి క్లబ్బుతో ఒప్పందం కుదిరే ముందో మాత్రం ప్రొఫెసర్ గారు చొక్కా చేతులు మడిచి కూర్చునేవారు. ఇవాళ నల్ల తాడు ఖాయం అనుకునేది నోయెలీన్. ఆదివారం చెల్లెలింట్లో భోజనాల దగ్గర ఆ కథంతా అభినయంతో సహా చెప్పేది.

ఆ మంగళవారం వచ్చిన పెద్దమనిషి బ్రెట్ డనిగన్, రగ్బీ క్లబ్బు అధికారి. ముందు పొట్ట వచ్చింది, వెనకాల ఆయన వచ్చాడు. ఆయన వెనక కెజయ. థర్స్‌డే ఐలండ్ పిల్ల, ఇరవై రెండేళ్ళు, ఆడవాళ్ళ జట్టులో అంచున పరుగెత్తే ఆట. బంతి చేతికి చిక్కితే వెనకాల పడ్డవాళ్ళకి దాని జెర్సీ మీది అంకె తప్ప ఏమీ కనిపించదు.

"పడుకో తల్లీ, రెండు నిమిషాల పని," అన్నాడు డనిగన్. "నంబరు రాగానే శుక్రవారం సంతకం. మూడేళ్ళ ఒప్పందం, మాటలా! మీ అత్త వస్తోందన్నావు?"

"రేపు దిగుతుంది," అంది కెజయ బోర్లా పడుకుంటూ. "ఐసు పెట్టెనిండా చేపలు తెస్తోంది. మీకూ పెడుతుందిట. సంతకం పెట్టాకే సుమా."

డనిగన్ పొట్ట ఊగేలా నవ్వాడు. ప్రొఫెసర్ గారు కుడి కాలు చూశారు. తెలుపు. ఎనభై తొమ్మిది. తరవాత ఎడమ కాలి కోసం వాలారు. వాలుతూ డనిగన్‌కేసి తిరిగి, యూరప్‌లో ఏదో క్లబ్బు తన నంబరుని ఎంత నమ్ముతోందో చెబుతున్నారు. ఆ చెయ్యి ఇంకో నాలుగు వేళ్ళు వాలింది. తెర మీద తాడు మధ్యలో చింతగింజంత నలుపు పుట్టింది. బొమ్మని అక్కడే ఆపి మీట నొక్కారు.

"అయ్యో," అన్నారు, గొంతులో ఎక్కడా అయ్యో లేకుండా. "నలభై ఒకటి."

డనిగన్ నవ్వు ఆగిపోయింది. కెజయ తల పక్కకి తిప్పింది. "నాకు నొప్పేం లేదండీ."

"నొప్పి ఉండదమ్మా. అదే దాని మాయ. ఎడమ కాలు మాట్లాడదు."

"మొన్న ఫిబ్రవరిలో చూసినప్పుడు బాగుందన్నారు."

"అంటే నాలుగు నెలల్లోనే ఇంతగా పాడైందన్నమాట," అన్నారు ప్రొఫెసర్ గారు. "బ్రెట్, దీని మీద పేపరు రాయొచ్చు."

ఇద్దరూ మాట్లాడుకుంటూ నడవాలోకి వెళ్ళిపోయారు. నోయెలీన్ జెల్లు తుడవడం మొదలుపెట్టింది. ఎడమ కాలు మాట్లాడదు! ఈ ఒక్క ముక్క చాలు, ఆదివారం చెల్లెలు కుర్చీలోంచి పడిపోవాల్సిందే. అలా అనుకుంటూ తలెత్తేసరికి కెజయ తనకేసే చూస్తోంది.

"ఆంటీ, నిజంగా కుళ్ళిపోయిందా?"

"రిపోర్టు సంగతి ప్రొఫెసర్ గారే చెప్పాలమ్మా." ముప్ఫై రెండేళ్ళుగా నోటికొచ్చిన జవాబు అది.

"ఆయన చెప్పారుగా. నేను మిమ్మల్ని అడుగుతున్నా. ఫిబ్రవరిలో చూసింది మీరే. దువ్విన జడలా ఉంది, పో పో, పరుగెత్తుకో అన్నారు." పిల్ల మోచేతుల మీద పైకి లేచింది. "ఈ మూడేళ్ళూ నాకు కావాలి ఆంటీ. ఇది పోతే ఇంకో క్లబ్బు నన్ను ముట్టుకోదు. ఆ నంబరు అందరికీ తెలిసిపోతుంది."

నోయెలీన్‌కి ఆ పిల్లంటే ఇష్టమే. వచ్చినప్పుడల్లా మంచం మీది కాగితప్పట్టీ తనే మార్చి వెళ్ళే ఆటగత్తె అదొక్కతే. నోయెలీన్ తలుపుకేసి ఒకసారి చూసింది.

"రేపు పొద్దున్న ఏడింటికి రా," అంది. "మహానుభావుడు తొమ్మిదయితే గానీ రాడు. ఒక తమాషా చూపిస్తా."

మర్నాడు ఏడింటికి కెజయ మంచం మీద ఉంది. నోయెలీన్ లేచి నిలబడి, మోచెయ్యి తిప్పి, ఎడమ కాలి మీద ప్రోబ్ ఆనించింది. తెర పిల్లకి కనబడేలా ఇటు తిప్పింది. తాడు తెల్లగా, ఒక్క పోగు చెదరకుండా ఉంది. ఎనభై ఏడు.

"చూశావా? ఇప్పుడు ప్రొఫెసర్ గారొచ్చారు." నోయెలీన్ కుర్చీలో చతికిలబడి, గడ్డం పైకెత్తి, ఒళ్ళంతా పక్కకి వాల్చింది. తాడు మధ్యలో చింతగింజంత నలుపు పుట్టింది. నలభై రెండు.

కెజయ నోరు తెరిచింది. "అంటే అది నా కాలు కాదా?"

"నీ కాలు కాదే పిచ్చిదానా, ఆయన చెయ్యి! మంచం గోడకి ఆనించి ఉంది, ఆయనకి లేచే ఓపిక లేదు. ఎడమ కాలి సిద్ధాంతమంతా ఇంతే. ఈ మంచం అవతలి గోడకి వేసుంటే కుడి కాలి సిద్ధాంతం అయ్యేది."

కెజయ విరగబడి నవ్వింది. ఆ నవ్వు చూసి నోయెలీన్‌కి హుషారొచ్చింది. పదకొండేళ్ళుగా చెల్లెలు తప్ప వేరే శ్రోత లేరు. చెల్లెలు కూడా ఈమధ్య ఆవులిస్తోంది.

"అసలు తమాషా ఇంకోటుంది, విను. ఒకసారి ఇలాగే ఎవరో అమ్మాయి ఎడమ కాలు అందుకోవడానికి వాలాడు. టై కట్టుకొచ్చాడు ఆ రోజు. అది కాస్తా తిన్నగా వెళ్ళి జెల్లులో పడింది. ఆయన టై చూసుకుంటాడా, తెర చూస్తాడా? టై చూసుకుంటూనే మీట నొక్కేశాడు! తెర అంతా బొగ్గు. నలభై నాలుగు అన్నాడు, టై పిండుకుంటూ. ఆ అమ్మాయి తలగడలో మొహం దాచుకుని ఒకటే నవ్వు. నేనూ..."

"చేపల బొమ్మల టై," అంది కెజయ.

"అవును, పసుప్పచ్చ చేపలు. నీకెలా తెలుసు?"

కెజయ లేచి కూర్చుంది. కాలి మీది జెల్లు మంచం మీదికి కారుతోంది, తుడుచుకోలేదు.

"అది రూతీ. మా అత్త కూతురు. రెండేళ్ళ కిందట. ఇంటికి ఫోన్ చేసి ముందు టై సంగతే చెప్పింది. అందరం పడీ పడీ నవ్వాం. నంబరు సంగతి ఆ తరవాత చెప్పింది."

నోయెలీన్ చేతిలో ప్రోబ్ అలాగే ఉండిపోయింది. బుగ్గనున్న పిప్పరమెంటు గొంతుకి అడ్డం పడినట్టయింది.

"నాకంటే అదే జోరుగా పరుగెత్తేది," అంది కెజయ. "ఇప్పుడు కెయిన్స్‌లో దుకాణంలో బిల్లు కొడుతోంది, స్టూలు మీద కూర్చుని. మెట్లెక్కదు. మొన్న మా అన్న పెళ్ళిలో ఊరు ఊరంతా ఆడింది, అది మాత్రం కుర్చీలోంచి లేవలేదు. తాడు తెగుతుందని భయం. అది ఆడితే ఇసక లేచేది తెలుసా?" నోయెలీన్‌కేసి సూటిగా చూసింది. "ఆ రోజే తెలుసా మీకు, అది ఆయన చెయ్యేనని?"

"తెలుసు."

"ఎవరికైనా చెప్పారా?"

"మా చెల్లెలికి చెప్పాను."

"ఎందుకు?"

అబద్ధం ఏదైనా దొరుకుతుందేమోనని నోయెలీన్ చూసింది. దొరకలేదు. "నవ్వుకోడానికి," అంది.

కెజయ పాదం తనే తుడుచుకుంది. మేజోడు వేసుకుంది, బూటు తాడు బిగించుకుంది. మంచం మీది కాగితప్పట్టీ మార్చలేదు.

"శుక్రవారం పదకొండింటికి క్లబ్బు ఆఫీసులో నా సంగతి తేలుస్తారుట," అంది తలుపు దగ్గర ఆగి. "వస్తారా, ప్రాసర్ గారూ?"

నిన్నటిదాకా ఆంటీ. నోయెలీన్‌కి ఆ 'గారూ' చెంపమీద కొట్టినట్టుంది.

ఆ పిల్ల వెళ్ళాక పాత రిపోర్టుల పెట్టె తెరిచింది. యాభైకి తగ్గిన ఇరవై ఆరూ బయటికి తీసింది. ఇరవై ఆరూ ఎడమ కాళ్ళే. ఇరవై ఆరింటి కిందా సంతకం ఒకరిదే. గుండ్రంగా, ముచ్చటగా, తొందరేమీ లేకుండా పెట్టిన సంతకం. రూతీ కాగితం మీద మూలన చిన్న జెల్లు మరక కూడా ఉంది. లైల్ మూర్ఖుడు, సందేహం లేదు. కానీ మూర్ఖుడు తెలియక చేశాడు. ఆయన్ని వెక్కిరిస్తూ కూర్చున్న తెలివైన మనిషి అంతా తెలిసి, కింద పేరు రాసింది. ఈ ఇద్దరిలో ఎవరు నీచులని నోయెలీన్ తన్ను తాను అడిగింది. జవాబు కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

శుక్రవారం పదకొండింటికి చక్రాల మిషనుని మైదానం పక్క దారెంట తోసుకుంటూ వెళ్ళింది. ఆఫీసులో డనిగన్ బల్ల వెనకాల ఉన్నాడు. ప్రొఫెసర్ గారు చేతిలో తను ఇదివరకు కాపాడినవాళ్ళ రిపోర్టుల కట్టతో, మొహం నిండా సానుభూతితో కూర్చున్నారు. కెజయ పక్కన పూల గౌనులో ఒక లావుపాటి ఆవిడ ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేనత్త సెపోరా, రూతీ తల్లి.

"నోయెలీన్? నిన్నెవరు రమ్మన్నారు?" అన్నారు ప్రొఫెసర్ గారు.

"జెల్లు సంగతి చూసుకుందామని వచ్చాను. ఎడమ కాలి మేజోడు తీయండి ప్రొఫెసర్."

"ఏమిటీ?"

"మేజోడండీ. కాలికుండేది. తీసి ఆ కుర్చీ మీద మోకాలు ఆనించండి."

"ఇదేం వేళాకోళం!"

"తీసెయ్యవయ్యా, పోయేదేముంది," అన్నాడు డనిగన్. ఆయనకి గొడవ వాసన తగిలితే ప్రాణం లేచొస్తుంది. "రోజూ ఊరందరి కాళ్ళూ చూస్తావు, నీ కాలు మేమూ చూస్తాం."

ప్రొఫెసర్ గారు మేజోడు విప్పి కుర్చీ మీద మోకరిల్లారు. ఆ పాదం పాలిపోయి, ఏ మైదానమూ ఎరగనంత మెత్తగా ఉంది. నోయెలీన్ ప్రోబ్‌ని సూటిగా పట్టింది. తెలుపు. డెబ్భై తొమ్మిది. "తెర చూడండి డనిగన్ గారూ, కాలు కాదు, తెర." మణికట్టు వాల్చింది. నలుపు. "ముప్ఫై ఏడు. ఈ లెక్కన మీరింక మెట్లు దిగకూడదు ప్రొఫెసర్. ఆ కుర్చీ మీంచి కూడా ఎవరైనా పట్టుకుని దింపాలి."

సెపోరా ఫక్కున నవ్వింది. నోయెలీన్ చెయ్యి నిలబెట్టింది, తెలుపు. వాల్చింది, నలుపు. మళ్ళీ తెలుపు. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేంతవరకూ చేసి, ఆ తరవాత ఇంకో రెండుసార్లు చేసింది, డనిగన్ కోసం. కెజయ కాలి మీదా చేసి చూపించింది.

"ఇది అందరికీ తెలిసిన లోపమే," అన్నారు ప్రొఫెసర్ గారు, ఒంటికాలి మేజోడుతో లేస్తూ. "మా పద్ధతిలో దానికి సవరణ..."

"మీ పద్ధతిలో మంచం గోడకుంది, మీరు కుర్చీకున్నారు. అంతే."

ప్రొఫెసర్ గారి మొహం ఎర్రబడింది. చేతిలోని కట్ట బల్ల మీద పరిచారు. "అలాగా? అయితే చెప్పు. ఇదిగో, ఇది, ఇది. ప్రతి దాని కిందా ఏం రాసుంది? చిత్రాలు సరిచూసినవారు. పదకొండేళ్ళు సరిచూసింది ఎవరు నోయెలీన్? నేనా?"

పదకొండేళ్ళలో ఆయన వంకర లేకుండా చూపించిన మొదటి బొమ్మ అదే. నోయెలీన్ దానికేసి చూస్తూ నిలబడింది. "నేనే," అంది. "మొదటి రోజునుంచీ తెలుసు. ఒకసారి చెప్పబోయాను, మీరు చులకన చేశారు. నాకు పౌరుషమొచ్చి నోరు మూసుకున్నాను. ఆ తరవాత మిమ్మల్ని చూసి నవ్వుకోవడం అలవాటైపోయింది."

డనిగన్ ఇవేవీ వినడం లేదు. ఆయన దృష్టంతా తెర మీద ఉంది. ఏ అంకె ఆఖర్న కనిపిస్తే దాన్నే నమ్మే మనిషి. "ఎనభై ఏడు కదూ అమ్మాయిది? ఎనభై ఏడంటే బ్రహ్మాండం. నాకు మొన్ననే అనుమానమొచ్చింది లెండి." ఒప్పందం కాగితాలు కెజయ ముందుకి తోశాడు. "పెట్టు తల్లీ, పెట్టు. పెట్టె మూత తియ్యమనండి మీ అత్తని."

కెజయ సంతకం పెట్టింది. మూడు చోట్ల పెట్టింది. ఆ పిల్ల ఆట పిల్లకి దక్కింది. కలం కింద పెట్టి అత్తకేసి చూసింది.

సెపోరా పెట్టె మూత తీయలేదు. ఆవిడ మొహంలో నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చూడలేదు. బల్ల మీద పరిచిన కాగితాల్లో ఒకదాని మీద వేలు పెట్టింది. మూలన జెల్లు మరకున్న కాగితం.

"ఇందులో మా రూతీ పేరుందేం?" అంది.

ప్రొఫెసర్ గారు వంగి మేజోడు తొడుక్కోవడం మొదలుపెట్టారు. అది ఆయనకి చాలా పెద్ద పనైపోయింది.

"మీ అమ్మాయి కాలికి ఏమీ లేదు," అంది నోయెలీన్. "ఎప్పుడూ ఏమీ లేదు."

ఆవిడ అరుస్తుందనుకుంది. అరిచినా బాగుండేది. సెపోరా చేతిసంచీలోంచి ఫోన్ తీసింది, కళ్ళకి దూరంగా పట్టుకుని కూతురి పేరు వెతికింది, నొక్కింది, మోగుతున్న ఫోన్‌ని నోయెలీన్ చేతిలో పెట్టింది.

"నాకు చెప్పడం చేతకాదు," అంది. "రెండేళ్ళనుంచీ, జాగ్రత్తే, పరుగెత్తకే, దూకకే అని చెప్పిన నోరిది. నువ్వే చెప్పు. నీకైతే అంతా తెలుసుగా."

నోయెలీన్ ఫోన్ చెవికి ఆనించుకుంది. అవతల దుకాణంలో మిషన్లు కీచుకీచుమంటున్నాయి.

"అమ్మా! సంతకమైందా? కెజయ ఏడ్చిందా?"

"అమ్మ కాదు రూతీ. నేను నోయెలీన్‌ని. టౌన్స్‌విల్‌లో స్కానింగ్ చేస్తానే..."

"అయ్యో ఆంటీ! మిమ్మల్నెలా మర్చిపోతాను? ఆయన టై జెల్లులో పడినప్పుడు మీరు నాకు కన్ను కొట్టారుగా! ఎంత నవ్వానో ఆ రోజు. ఏంటి ఆంటీ, ఇన్నాళ్ళకి?"

"నీ కాలు గురించి ఒక మాట చెప్పాలి."

"ఉండండి, ఒక్క నిమిషం." అవతల ఏదో నేల మీద ఈడుస్తున్న చప్పుడయింది. "స్టూలు లాక్కుంటున్నా. ఎక్కువసేపు నించోకూడదు కదా నేను. నా ఎడమ కాలు మంచిది కాదు, మీకు తెలుసుగా ఆంటీ."